నా కాయనీ చంపండి

మా టికియాపారా రైల్వే క్వార్టర్ల సందులో ఆటలాడే పిల్లలందరికీ ఏదో ఒక వేషం ఉండేది. ఒకడు దొంగ, ఒకతి పోలీసు, ఇంకొకడు రాజు. నాకు మాత్రం ఏ ఆటలోనైనా ఒకటే వేషం, ఆటలో అరటిపండు. పుట్టుకతోనే నాకు చూపు లేదు. నన్ను ఆటలోకి రానివ్వకపోతే పెద్దవాళ్ళు తిడతారు, రానిస్తే ఆట పాడవుతుంది. ఆ ఇరకాటంలోంచి బయటపడటానికి పిల్లలకి ఈ అరటిపండు దొరికింది. నేను పరిగెత్తొచ్చు, అరవొచ్చు, అందరినీ ముట్టుకోవచ్చు. నేను ముట్టుకుంటే మాత్రం ఎవరూ ఔట్ కారు. నన్ను ముట్టుకున్నా నేను ఔట్ కాను.

మామూలుగా అరటిపండు పిల్లలు కొన్నాళ్ళకి ఎదిగి అసలు ఆటలోకి వచ్చేస్తారు. నేను ఎదిగాను గానీ అరటిపండుగానే మిగిలాను. బడిలో అంతే, పెళ్ళి ఇళ్ళలో అంతే. ఇక్కడి బస్సెక్కితే "బోషున్ దిదీ, బోషున్", కూర్చోక్కా కూర్చో, అంటూ లేచి సీటిచ్చేవాళ్ళకి కొదవలేదు. ఎక్కడ దిగాలో నన్నడక్కుండా నా పక్కన నిలబడ్డ ముక్కూ మొహం తెలియని మనిషిని అడిగేదీ వాళ్ళే. అందరూ మంచివాళ్ళే. నా పేచీ అంతా మంచివాళ్ళతోనే. చెడ్డవాళ్ళయితే నాలుగు తిట్టి ఊరుకోవచ్చు.

నన్ను అరటిపండుగా చూడని మనిషి ఒక్కతే, మా అమ్మ. శ్రీకాకుళం దగ్గర సముద్రం ఒడ్డు ఊరి నుంచి పెళ్ళి చేసుకుని ఇక్కడికి, ఈ బెంగాలీవాళ్ళ ఊరికి వచ్చింది. నాన్న యార్డులో రైలు డబ్బాలు కడిగే పనికి పోయేవాడు. మధ్యాహ్నం అంట్లు తోముకున్నాక సందులో ఆడవాళ్ళంతా మా వసారాలో చేరి అష్టా చెమ్మా ఆడేవారు. అందరూ నేలమీద సుద్దతో గళ్ళు గీసుకునేవారు. సుద్దగీత నా వేలికి తగలదు, పైగా తడిమితే చెరిగిపోతుంది. అందుకని అమ్మ తన చెల్లెలికి, అంటే బడ్జ్ బడ్జ్‌లో ఉండే మా పిన్నికి కబురు పెట్టింది. చిన్నాన్న పనిచేసేది అక్కడి జూట్ మిల్లులో. పిన్ని ఒక గోనెగుడ్డ మీద లావుపాటి పురికొసతో గళ్ళు కుట్టి తెచ్చింది. నా కాయలు చింతపిక్కలు, అమ్మవి గాజుముక్కలు, పిన్నివి సీతాఫలం గింజలు. గోనె మీద అరచెయ్యి పరిస్తే ఎవరి కాయ ఏ గడిలో ఉందో నాకు తెలిసిపోయేది.

ఆట తెలియనివాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. నాలుగు గవ్వలు వేసి, పడిన పందేన్ని బట్టి కాయని నడపాలి. మన కాయ వెళ్ళి ఎదుటివాళ్ళ కాయ ఉన్న గడిలో దిగితే ఆ కాయ చచ్చినట్టు. అది మళ్ళీ మొదటికి పోవాలి. ఒక్క కాయనైనా చంపనివాళ్ళని లోపలి గళ్ళలోకి పోనివ్వరు. లోపలి గళ్ళు తిరిగి నడిమి గడికి చేరితే కాయ పండినట్టు.

అమ్మ నా కాయల్ని చంపినంత కసిగా సందులో ఇంకెవరి కాయల్నీ చంపలేదు. పక్కింటి అత్తకి నా మీద జాలేసి, "పోనీలే వొదినా, కళ్ళు లేని గుంట, దాన్నొగ్గీయరాదూ" అనేది.

"యేలొగ్గాల?" అమ్మ గవ్వలు గలగలమనిపించేది. "దానికి సేతుల్లేవేటి? గవ్వలు ఎయ్యట్లేదేటి?"

నాకు ఏడుపొచ్చేది. ముక్కు ఎగబీలుస్తుంటే అమ్మ నా చేతిలో గవ్వలు కుక్కి, "ఏడిస్తే ఏటొస్తాదే? నువ్వూ సంపు. ఆటలో నీ కాయ పండాల గానీ నువ్వు అరటిపండవ్వకు" అనేది.

అమ్మకి ఆటలో ఒక తిట్టుండేది. తన కాయని ఎవరు చంపినా సరే, "నీ సేతులు పడిపోనూ!" అని వీధి చివరికి వినబడేలా అరిచేది. పక్కింటి అత్తకి రోజూ పడేది. పిన్నికి వచ్చినప్పుడల్లా పడేది. ఎవరూ ఉలిక్కిపడేవారు కాదు, పకపకా నవ్వేవారు. మొట్టమొదటిసారి నేను అమ్మ కాయని చంపిన రోజున అదే తిట్టు అదే గొంతుతో నా నెత్తిన పడింది. ఇంకెవరూ అంతకుముందు నన్ను అంత ముద్దు చేసిన గుర్తు లేదు. రాత్రి అన్నం తింటూ కూడా నాలో నేనే ఆ తిట్టుని అనుకుని నవ్వుకున్నాను.

కిందటి వేసవిలో అమ్మకి పక్షవాతం వచ్చింది. మాట కాస్త ముద్దగా మారినా నిలబడింది. కుడి చెయ్యి మాత్రం పడిపోయింది. ఆనాటి నుంచి ఆ తిట్టు మా వసారాలో మళ్ళీ వినబడలేదు. ఆమె ముందు ఆ మాట అనే ధైర్యం ఎవరికీ లేదు, ఆమె నోటికీ అది రావడం మానేసింది.

కొన్నాళ్ళకి ఆడవాళ్ళు మళ్ళీ చేరారు. అమ్మ ఎడమ చేత్తో గవ్వలు విసిరితే ఒకటి మంచం కిందకీ, ఒకటి గుమ్మం అవతలికీ పోయేవి. వెతికి తెచ్చేసరికి అందరికీ విసుగొచ్చేది, విసుగుని దాచుకునేసరికి ఇంకా ఇబ్బందిగా ఉండేది. "నీవి నానేస్తాన్లే వొదినా" అని పక్కింటి అత్త అమ్మ గవ్వలు తను వెయ్యడం మొదలుపెట్టింది. పిన్ని ఆదివారం వస్తే, అమ్మ కాయని చంపగలిగిన పందెం పడినా వేరే కాయని జరిపేది. నా చెయ్యి గోనె మీదే ఉండేది కదా, నాకు తెలియకుండా ఎలా ఉంటుంది? అమ్మకీ తెలిసింది. ఒకరోజు ఆట మధ్యలో, "గోనె మడతెట్టీయే" అంది నాతో. "నా గవ్వలు నాను ఎయ్యలేను. నా కాయని ఎవులూ సంపరు. ఇది నా ఆటేటి?"

మడతపెట్టింది నేనే. నాకు తెలిసిన ఆ అరటిపండు బతుకు చివరికి మా అమ్మ ఒళ్ళోకి వచ్చి పడిందని అప్పుడు వచ్చిన కోపం ఇంకా దిగలేదు. దించుకునే ఉద్దేశం కూడా నాకు లేదు.

నా ఉద్యోగం భవానీపూర్‌లో, మొబైల్ ఆటలు తయారుచేసే ఒక చిన్న ఆఫీసులో. చూపు లేనివాళ్ళు, చెవులు వినబడనివాళ్ళు, చేతులు సరిగ్గా ఆడనివాళ్ళు ఆ ఆటల్ని వాడగలరా లేదా అని పరీక్షించి చెప్పడం నా పని. నా ఫోను తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపిస్తుంది. బొమ్మ వెనకాల ఎవరైనా దాని పేరు రాసి పెడితే ఆ పేరు చదువుతుంది. రాయకపోతే ఉత్త "బటన్" అంటుంది. మీకు రంగురంగులుగా కనబడే యాప్ నాకు చాలాసార్లు ఇలా వినబడుతుంది: బటన్, బటన్, చిత్రం, బటన్, బటన్. ఏ తలుపు ఎవరిదో తెలియని వీధిలో నిలబెట్టి, పద, నచ్చిన తలుపు తట్టు అన్నట్టుంటుంది.

ఆ వర్షాల్లో మా ఆఫీసులో ఒక కొత్త ఆట తయారవుతోంది. గవ్వలాట. అచ్చం మా అష్టా చెమ్మాయే. బెంగాలీలో, హిందీలో, తెలుగులో, ఇంకా అన్ని భాషల్లో దసరా పూజలకి ముందే విడుదల చెయ్యాలని అందరూ హడావిడిగా ఉన్నారు. ఆ సంగతి విన్నప్పుడు నాకు ముందు తోచింది అమ్మే. ఫోనులో గవ్వలు మంచం కిందకి పోవు. ఎవరింట్లో వాళ్ళు కూర్చుని ఆడుకోవచ్చు. అమ్మ తన పందెం తనే వేసుకోవచ్చు.

పరీక్షకి నా చేతికొచ్చిన ఆట వేరేగా ఉంది. గవ్వలు పడాలంటే ఫోనుని చేత్తో పట్టుకుని ఊపాలి. కాయ నడవాలంటే వేలితో పట్టి లాగాలి. ఈలోగా పక్కన గడియారం టిక్కుటిక్కుమంటుంది, ఆలస్యమైతే వంతు పోతుంది. నాకైతే మొత్తం బటన్, బటన్. పేర్లు పెట్టిన ఒకటి రెండు చోట్ల కూడా తెలుగు రానివాళ్ళు మిషన్ చేత అనువాదం చేయించారు. ఆట మూసేసే బటన్ మీద ఇంగ్లీషులో ఉన్న క్లోజ్ అన్న మాటకి తెలుగులో "దగ్గర" అని పెట్టారు. తెర చూసేవాళ్ళకి అక్కడ ఇంటూ గుర్తు కనబడుతుంది కాబట్టి వాళ్ళకి ఈ తప్పు ఎన్నటికీ తెలియదు. వినేవాళ్ళకే ఆ భాగ్యం. అమ్మకి వినిపిస్తే, "దగ్గరకి రమ్మంటందే" అంటూ ముందుకి వంగి చెవి ఆనించింది.

ఇవన్నీ రాసి ఇచ్చాను. మా ఆఫీసు పెద్దాయన్ని అందరం దాదా, అంటే అన్నయ్యా అని పిలుస్తాం. మనిషి మెత్తన, నా మాట ఎప్పుడూ కొట్టిపారెయ్యడు. కొన్నాళ్ళకి పిలిచి, నీ కోసమని ప్రత్యేకంగా ఒక ఆట చేయించాం చూడు అన్నాడు. గొంతులో సంతోషం ఉట్టిపడుతోంది. ఆటలో ఒక మూల "స్పెషల్" అని ఒక గది. అందులో ప్రతి బటన్‌కీ పేరుంది. గడియారం లేదు. ఊపక్కర్లేదు, లాగక్కర్లేదు, ఒక్క వేలితో నొక్కితే చాలు. నేను నిజంగానే పొంగిపోయాను. గంగ కింద నుంచి పోయే మెట్రోలో ఇంటికి వస్తున్నంతసేపూ ఫోనుని గుండెకి హత్తుకునే ఉన్నాను.

అమ్మని దిండుకి ఆనించి కూర్చోబెట్టి ఫోను ఎడమ చేతి కింద పెట్టాను. ఆడింది. ఎదురు ఆడేది ఫోనే. అమ్మ రెండు కాయల్ని చంపింది, చకచకా లోపలి గళ్ళలోకి పోయింది, గెలిచింది. మళ్ళీ ఆడింది, మళ్ళీ గెలిచింది. మూడో ఆటలో ఆగిపోయింది.

"ఒలే, ఈడు నన్ను సంపట్లేదేటే?"

"పందెం పడలేదేమో అమ్మా."

"పడింది. నా కాయ ఈడి ముందరే ఉంది. పక్కనుంచి ఎల్లిపోనాడు." అమ్మ ఫోనుని ఎడమ చేత్తో పక్కకి తోసేసింది. "ఈడూ నన్ను అరటిపండుని సేసీసినాడు."

ఆ గదిలో ఇంకెవరితోనైనా ఆడే దారి ఉందేమోనని నేను తెరంతా తడిమి చూశాను. లేదు. పిన్నిని పిలవడానికి లేదు, పక్కింటి అత్తని పిలవడానికి లేదు. మిగతా లోకమంతా పెద్ద హాల్లో ఆడుకుంటుంది. మాకు మాత్రం తలుపేసిన గదిలో ఓడిపోవడానికే పుట్టిన మిషన్. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళేసరికి కెమెరా వచ్చి ఉంది. ఆటని పరిచయం చేసే వీడియోలో నేను కూర్చుని స్పెషల్ ఆట ఆడాలట. గెలవాలట. గెలిచి నవ్వాలట. పాపం ఎవరో నాకోసం గంధం రంగు చీర కూడా తెప్పించారు.

"నేను నవ్వను" అన్నాను.

మా ఆఫీసులో మాటలు బెంగాలీలోనే నడుస్తాయి, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. ఎవరేమన్నారని దాదా అడిగాడు. ఎవరూ ఏమీ అనలేదన్నాను. నీ కోసమే కదా ఇంత చేశాం అన్నాడు. ఆ "నీ కోసమే" అన్న మాట నేను పుట్టినప్పటి నుంచీ వింటున్నాను, విన్న ప్రతిసారీ నాకు ఒళ్ళు మండుతుంది. మా అమ్మకి అది అరటిపండు ఆట అని నిముషాల్లో తెలిసిపోయిందని చెప్పాలి. చెప్పబోతే నోటికి తెలుగే వస్తోంది. అరటిపండుని బెంగాలీలో కొలా అంటారు. "ఆటలో కొలా" అంటే వీళ్ళకేం అర్థమవుతుంది? నా మొహం చూసి నవ్వుతారు. అప్పుడు మా సందు చివర బెంగాలీ పిల్లలు ఆడుకునేటప్పుడు అరిచే మాట గుర్తొచ్చింది.

"దాదా, మీ ఆటలో నేను దుధ్‌భాత్‌ని."

దుధ్‌భాత్ అంటే పాలబువ్వ. మనవాళ్ళ అరటిపండే వాళ్ళ పాలబువ్వ, ఆటలో లెక్కకి రాని పసివాడు. కొన్ని ఇళ్ళల్లో ఎలెబెలె అంటారు, అదీ ఇదే. ఎక్కడి పిల్లలైనా లెక్కలోకి రానివాడి చేతిలో తినేదేదో పెట్టి కూర్చోబెడతారని ఆ క్షణంలో తోచింది.

ఎవరో కిసుక్కుమన్నారు. దాదా నవ్వలేదు. ఆయన కుర్చీ కిర్రుమంది. ఇంట్లో అందరికంటే చిన్నవాణ్ణని అన్నలు తననీ పాడాలో, అంటే వాళ్ళ పేటలో, క్రికెట్ ఆడేటప్పుడు దుధ్‌భాత్‌ని చేసేవారన్నాడు. ఔటైనా బ్యాట్ లాక్కునేవారు కాదట. ఒకరోజు ఏడ్చి ఆ బ్యాట్‌ని గోడ అవతలకి విసిరేశాడట.

"మీరు పెద్దయ్యారు, ఆటలోకి వచ్చేశారు" అన్నాను. "నేనింకా అక్కడే ఉన్నాను. మీరు నాకు కట్టించిన గదిలోంచి నేనెప్పటికీ బయటికి రాను. నాకు గెలుపు పెట్టకండి దాదా. నా కాయని చంపండి. నన్ను చంపలేనివాడు నాతో ఆడుతున్నట్టు కాదు, నాకు అన్నం తినిపిస్తున్నట్టు."

ఆయనకి కోపం వచ్చింది. రాకేం చేస్తుంది? గడియారం తీసేస్తే మిగతావాళ్ళు విసుగెత్తి మధ్యలో లేచిపోతారన్నాడు. మీవాళ్ళ కోసం అందరి ఆటా పాడుచెయ్యలేనన్నాడు. విసుగు సంగతి అబద్ధం కాదు, మంచం కింద గవ్వలు వెతికిన వసారాలో నేనూ కూర్చున్నాను. తియ్యొద్దు అన్నాను. ఆట మొదలుపెట్టేవాళ్ళే వేగం ఎంతో పెట్టుకోనివ్వండి. తెలిసినవాళ్ళు తెలిసినవాళ్ళతో ఆడుకునేటప్పుడు ఒకరు ఆగి పాన్ నమిలినా ఎవరూ లేచిపోరు. ఊపడం ఇష్టమైనవాళ్ళు ఊపుతారు, నొక్కేవాళ్ళు నొక్కుతారు, పడే గవ్వలు ఒకటే. పేర్లున్న బటన్‌లు పెద్ద హాల్లోనూ పెట్టండి. స్పెషల్ గది ఉంచాలనుకుంటే కొత్తగా నేర్చుకునేవాళ్ళందరికీ ఇవ్వండి.

"మరి వీడియో?" అన్నాడు.

"ఎవరైనా నన్ను ఓడించిన రోజున తీసుకోండి. అప్పుడు నవ్వుతాను."

చీర వెనక్కి పోయింది. కెమెరా వెళ్ళిపోయింది. కోపం దిగకుండానే దాదా విడుదల వాయిదా వేసి, నేను చెప్పిన మార్పులు మొదలుపెట్టమన్నాడు. కొన్ని రోజులు ఆఫీసులో నాతో ఎవరూ టీకి కూర్చోలేదు. నా వల్ల పూజల ముందు విడుదల ఆగిందని గుసగుసలు వినబడేవి. నాకు వినికిడి బాగా ఎక్కువని వాళ్ళు మర్చిపోయి ఉంటారు. ఉద్యోగం పోతుందేమోనని భయం వేసిన మాట నిజం. భయపడుతూనే రోజూ వెళ్ళి, ఒక్కొక్క బటన్‌నీ వింటూ, ఒక్కొక్క తెలుగు మాటనీ మారుస్తూ కూర్చున్నాను. "దగ్గర" పోయి "మూసెయ్యండి" వచ్చింది. కాయ చచ్చినప్పుడు ఫోను "మీ పావు తొలగించబడినది" అనేది. దాన్ని కొట్టేసి "మీ కాయ చచ్చింది" అని రాయించాను. చావు మాట బాగుండదేమోనని ఎవరో నసిగారు. మా వసారాలో కాయలు చచ్చేవే గానీ తొలగించబడేవి కావు అన్నాను.

ఆట చివరికి దీపావళికి, ఇక్కడి కాళీపూజ నాటికి బయటికి వచ్చింది. అన్నీ బాగుపడలేదు. బహుమతులు కొనుక్కునే పేజీ నాకు ఇప్పటికీ బటన్, బటన్ అనే వినబడుతుంది. ఆ దెబ్బలాట ఇంకా నడుస్తూనే ఉంది. పెద్ద హాలుకి మాత్రం మాకు తలుపు తెరుచుకుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం అమ్మని లేపి కూర్చోబెట్టాను. ఫోను జారిపోకుండా కింద మెత్తగా ఏదైనా కావాలి. మడతపెట్టి దాచిన గోనెగుడ్డ తెచ్చి అమ్మ ఒళ్ళో పెట్టి, దాని మీద ఫోను పెట్టాను. అమ్మ ఎడమ చెయ్యి గోనె అంచుల్ని కాసేపు తడిమింది. బడ్జ్ బడ్జ్‌లో పిన్ని తన ఫోనులో ఆటలోకి వచ్చింది. కాల్ చేసి పక్కన పెట్టిన ఇంకో ఫోనులో ఆమె గొంతు. నేను నా ఫోనులో. ముగ్గురం.

పిన్ని మొదట్లో పాత పద్ధతే. అమ్మ కాయ ఎదురుగా ఉంటే పక్క కాయని జరిపేది. నేను పళ్ళు నూరుకుంటూ ఊరుకున్నాను. ఇంతలో అమ్మ బొటనవేలితో నొక్కింది. ఫోను "చెమ్మ" అంది. నాలుగు. అమ్మ కాయ వెళ్ళి సరిగ్గా లోపలికి పోబోతున్న పిన్ని కాయ మీద దిగింది.

"ఓలప్పా! పండబోయే కాయని సంపీసినావా!" పిన్ని గొంతు ఫోనులోంచి గది పగిలేలా వచ్చింది. ఆ కోపంలో ఆమెకి జాలి గుర్తులేదు. తన వంతు రాగానే చూసుకుని, వెతుక్కుని, కసిగా నొక్కింది.

"మీ కాయ చచ్చింది" అంది అమ్మ ఫోను.

అమ్మ ఊపిరి పీల్చుకోవడం వినబడింది. తర్వాత ముద్దమాటని చీల్చుకుంటూ, వీధి చివరికి వినబడేలా ఆ పాత గొంతు వచ్చింది.

"నీ సేతులు పడిపోనూ!"

పక్కింట్లో అంట్ల చప్పుడు ఆగింది. ఫోనులో పిన్ని ఊపిరి బిగబట్టింది. అమ్మ ఆ మాటని వెనక్కి తీసుకోలేదు.

"నావీ పడిపోతే నీ కాయల్ని ఎవులు సంపుతారే అప్పా?" అంది పిన్ని, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియని గొంతుతో.

"ముందు నీ కాయని సూసుకో" అంది అమ్మ. ఎడమ బొటనవేలు బటన్ మీద టక్కుమంది.